అడుగులకు అరిసెలు, తేదీకి కేకు

మా పాపకు ఏడేళ్ళు నిండబోతున్నాయి. సంక్రాంతి సెలవుల్లో ఒకరోజు పొద్దున్నే వచ్చి నా కొంగు పట్టుకుంది. "అమ్మా, నా బర్త్‌డేకి యూనికార్న్ థీమ్ కావాల." వాళ్ళ క్లాసులో ఒక పాపకు అట్లా చేశారంట. వాకిలికి గులాబీ రంగు బెలూన్ల తోరణం, కొమ్మున్న గుర్రం బొమ్మతో కేకు, వచ్చిన పిల్లలందరి తలలకూ అట్టకొమ్ములు, పోయేటప్పుడు రిటర్న్ గిఫ్టు. మా కోయిలకుంట్లలో ఇలాంటివి చేయాలంటే నంద్యాల నుంచి మనుషులు రావాలి. మా ఆయన ఫోన్ చేసి అడిగితే, వాళ్ళు చెప్పిన లెక్క మా ఇంటికి రెండు నెలల సరుకుల ఖర్చు.

వసారాలో నాపరాళ్ళ మీద కూర్చుని బుడ్డలు ఒలుస్తున్న మా అత్త అంతా వింటూనే ఉంది. "పుట్టినరోజుకు గుర్రమేంది మే? ఆ గుర్రానికి కొమ్మేంది?" అనింది. మేమందరం నవ్వాం. పాప మాత్రం ఊరుకోలేదు.

"జేజీ, నీ పుట్టినరోజు ఎప్పుడు?"

అత్త చేతులు ఆగలేదు. "నాకు యాడ్ది పాపా పుట్టినరోజు? కరువులో పుడ్తిని. ఎప్పుడు పుడ్తినో రాసిపెట్టేటోళ్ళు ఎవురుండారు?"

పాప పరుగున పోయి బీరువాలోంచి జేజి ఆధార్ కార్డు తెచ్చింది. అందులో జనవరి 1, 1950 అని ఉంది. "హ్యాపీ న్యూ ఇయర్ రోజే నీ బర్త్‌డే జేజీ!" అని గంతులు. అత్త నవ్వి, "అది ఆ కార్డు రాసిన పిల్లోడు పెట్టింది లేమ్మా. ఎన్నేండ్లవ్వా అని అడిగె. నన్ను చూసి నువ్వే ఏసుకో నాయనా అంటి" అనింది.

ఆ మాటకు మళ్ళీ నవ్వాం కానీ, రాత్రి అంట్లు తోముతుంటే నాకు అదే గుర్తొచ్చింది. డెబ్బై దాటిన మనిషి. నలుగురు పిల్లలను కని పెంచింది. ఆమె పుట్టిన రోజును వేసింది ముక్కూ మొహం తెలియని ఒక పిల్లోడు. అసలు ఈ పుట్టినరోజులు మన ఇళ్ళకు ఎప్పుడు వచ్చాయి, ఎవరికి వచ్చాయి, ఎవరికి రాలేదు? అప్పటి నుంచి దొరికింది చదివి, పెద్దవాళ్ళను అడిగి తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను.

కరువే క్యాలెండరు

మా ఊరి చరిత్రలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన తేదీ ఒకటుంది. 1847 ఫిబ్రవరి 22. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఆంగ్లేయులు ఈ కోయిలకుంట్లలోనే ఉరి తీసిన రోజు. అది చావు తేదీ. దొరలకు అవసరమైన తేదీ కాబట్టి కాగితం మీదకు ఎక్కింది. ఆ రోజు చూడటానికి వచ్చిన జనంలో ఎంతమందికి తమ పుట్టిన తేదీ తెలిసి ఉంటుంది?

జాతకం రాయించుకునే ఇళ్ళలో తిథి, నక్షత్రం తెలిసేవి. మిగతా వాళ్ళకు ఏడు తెలిస్తే గొప్ప. ఆ ఏడు కూడా అంకెల్లో కాదు, జరిగినదాన్ని బట్టి. మా రేనాటి పల్లెల్లో జరిగేదంటే ఎక్కువగా కరువే. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి నెలల తరబడి వేలమందికి అన్నం పెట్టాడు. ఆయన మీద కట్టిన పాట ఇప్పటికీ మా వైపు ఆడవాళ్ళ నోట వినబడుతుంది. పదేళ్ళకు ఇంకా పెద్దది వచ్చింది. 1876లో మొదలైన ఆ కరువు ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి ధాతు కరువు అన్నారు. "ధాతు కరువుకు మా తాత పాలు తాగే పిల్లోడు" అని చెబితే వయసు చెప్పినట్టే.

మా అత్త లెక్క కూడా అలాంటిదే. 1952, నందన నామ సంవత్సరం. రాయలసీమలో వానలు లేక పంటలు పోయాయి. అప్పటికి మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. ప్రభుత్వం సీమలో చాలాచోట్ల గంజి కేంద్రాలు పెట్టింది. అత్త వాళ్ళమ్మ చెప్పేదంట: "పెద్ద పండక్కు ఇంట్లో గింజ లేదు. నువ్వు కడుపులో ఉండావు. కడవంత కడుపేసుకుని గంజికి నిలబడితిని" అని. అంటే సంక్రాంతి తర్వాత, ఉగాదికి ముందు పుట్టి ఉండాలి. 1953 మొదటి నెలల్లో, మాఘమో ఫాల్గుణమో. ఆధార్ కార్డు చెప్పేదానికి మూడేళ్ళు తేడా.

మీలో చాలామందికి నాలాంటి కథే ఉంటుంది. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో జూలై 1 అని ఉంది. మా అమ్మేమో "శనగ పీకుతుంటే నొప్పులొచ్చినాయి" అంటుంది. మా నల్లరేగడి చేలల్లో శనగ పీకేది చలికాలం చివర్లో, జూలైలో కాదు. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వయసు సరిపోయేట్టు ఒక తేదీ వేసేవారు. బడులు తెరిచే రోజుల చుట్టూ ఉండే తేదీ ఏదైనా సరే. అందుకే నా తరం వాళ్ళలో జూన్, జూలై ఒకటో తారీఖు పుట్టినరోజులు అంతమందికి. దేశంలో సగంమంది ఒకేరోజు పుట్టారా అనిపిస్తుంది.

చట్టాలు లేక కాదు. మద్రాసు రాష్ట్రంలో పుట్టుకలు, చావులు రాయాలని 1899లోనే చట్టం వచ్చింది. దేశమంతటికీ కలిపి 1969లో ఇంకొకటి వచ్చింది. కానీ మా పల్లెల్లో కాన్పులు ఇంట్లో, మంత్రసాని చేతుల్లో జరిగేవి. పోయి రాయించే తీరిక ఎవరికుంది? ఇప్పుడు కాన్పులు ఆస్పత్రుల్లో కాబట్టి తేదీ మాత్రమే కాదు, గంట, నిమిషం కూడా తెలుస్తున్నాయి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన వాళ్ళకైతే బడికైనా, ఓటుకైనా, ఉద్యోగానికైనా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. ఇక అయ్యవారు వేసే జూలై 1 ఉండదు.

పుట్టినరోజులు దేవుళ్ళవి, రాజులవి

తేదీ తెలియని మన ఇళ్ళలో కూడా ప్రతి ఏటా తప్పకుండా చేసే పుట్టినరోజులు ఉన్నాయి. అవి దేవుళ్ళవి. ఆలోచిస్తే వాటంత చక్కని థీమ్ పార్టీలు ఇంకెక్కడా లేవు. రాముడు పుట్టేది ఎండలు ముదిరే చైత్రంలో. కాబట్టి బెల్లం, మిరియాలు కలిపిన చల్లని పానకం, నానబెట్టిన వడపప్పు. కృష్ణుడికి వెన్న, అటుకులు. వాకిట్లోంచి దేవుడి గది దాకా పిండితో చిన్న చిన్న పాదాలు. కొన్ని ఇళ్ళలో ఆ రోజు కాయం కూడా నైవేద్యం పెడతారు. శొంఠి, మిరియాలు, బెల్లం, నెయ్యి వేసి బాలింతలకు చేసే మందు. పుట్టింది బాలుడైతే, కన్న తల్లి దేవకి పచ్చి బాలింత కదా! ఆమె కోసం. పుట్టినరోజునాడు తల్లికి కూడా ఒక ముద్ద పెట్టాలని ఆలోచించిన ఆడమనిషి ఎవరో కానీ, ఆమెకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇక ఉట్టి. కుండను పైకి కట్టి, తాడు లాగుతూ, నీళ్ళు కొడుతూ, కర్రతో పగలగొట్టించే ఆట. మెక్సికోలో పిల్లల పుట్టినరోజుకు పిన్యాటా అని రంగు కాగితాల బొమ్మను వేలాడదీసి, కళ్ళకు గంతలు కట్టి కొట్టిస్తారు. అందులోంచి మిఠాయిలు రాలతాయి. నంద్యాల వాళ్ళు పంపిన పట్టీలో పిన్యాటాకు విడిగా ఒక ధర వేశారు. అది చూసి నాకు నవ్వొచ్చింది.

దేవుళ్ళ తర్వాత రాజులు. మొగలు చక్రవర్తులను పుట్టినరోజునాడు త్రాసులో కూర్చోబెట్టి బంగారం, వెండి, ధాన్యాలతో తూచి దానం చేసేవారు. జహంగీరు దర్బారుకు వచ్చిన ఆంగ్లేయ రాయబారి థామస్ రో అది చూసి రాశాడు. మా వీధిలో ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో పుట్టినరోజును సాల్‌గిరా అంటారు. సాల్ అంటే ఏడు, గిరా అంటే ముడి. ఏటా ఒక దారానికి ఒక ముడి వేసే ఆచారం నుంచి వచ్చిన మాట. రాయడం రాకపోయినా, దారం దాచుకుంటే వయసు చేతిలో ఉన్నట్టే. ఎంత తెలివైన లెక్క!

మన సంప్రదాయంలో పిల్లలకు అసలే లేదని కాదు. తిథి తెలిసిన ఇళ్ళలో ఆ రోజు తలంటి పోసి, కొత్తబట్టలు కట్టి, పాలలో నువ్వులు, బెల్లం కలిపి మార్కండేయుణ్ణి తలుచుకుని తాగించేవారు. పదహారేళ్ళకే ఆయుష్షు తీరిపోవాల్సిన పిల్లవాడు శివలింగాన్ని కావలించుకుని చిరంజీవి అయ్యాడు కదా. ఆ పిల్లవాణ్ణి తలుచుకోవడంలోనే తల్లుల భయం కనబడుతుంది. పిల్లలు దక్కని కాలంలో పుట్టినరోజంటే పండగ కంటే ముందు ఒక మొక్కు.

తేదీ తెలియని తల్లి ఏం చేసింది?

ఇక్కడే నాకు ఎన్నాళ్ళో తెలిసిన విషయం కొత్తగా కనబడింది. బోర్లపడితే బొబ్బట్లు. కూర్చుంటే కుడుములు. పారాడితే పాయసం. నవ్వితే నువ్వుండలు. అడుగులేస్తే అరిసెలు. గడప దాటితే గారెలు. పలుకులు వస్తే పంచదార చిలకలు. అందరం విన్నవే, మన పిల్లలకు చేసినవే. మొదటి అక్షరాలు కలిశాయి కాబట్టి సరదాకు అన్నారనుకునేదాన్ని.

ఇప్పుడు చూస్తే ఇది ఆడవాళ్ళు తయారు చేసుకున్న క్యాలెండరు. తేదీ తెలియదు, చదువు రాదు, పంచాంగం అందదు. కానీ పిల్ల కళ్ళముందు ఉంది. ఈరోజు బోర్లపడింది. ఈరోజు గడప దాటింది. కాగితం మీద లేని రోజును తల్లి బాణలిలో రాసుకుంది. ఆ వంటల్లో కూడా ఒక వరుస ఉంది. మొదట్లో మెత్తనివి, నడక వచ్చేటప్పటికి కొరికి తినేవి. పసిదానికి ఇంకా పళ్ళే ఉండవు కాబట్టి తినేది ఇరుగుపొరుగు అమ్మలక్కలే అనుకోండి. ఆ పేరుతో బాలింత తల్లికి కూడా నెయ్యి, బెల్లం, నువ్వులు ఒంటబట్టేవి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఏడాదికి ఒకసారి వచ్చే పుట్టినరోజు పిల్ల ఏమీ చేయకపోయినా వస్తుంది. ఈ పండగలు మాత్రం పిల్ల తానే సాధించుకున్నవి. ఒకరి పిల్ల పదినెలలకు నడిస్తే, ఇంకొకరి పిల్ల పదహారు నెలలకు నడిచింది. అరిసెలు అంతదాకా ఆగాయి. అప్పుడు ఎవరికీ తొందర లేదు.

కేకు మన వీధికి వచ్చిన దారి

కేకు మీద కొవ్వొత్తులు పెట్టడం జర్మనీ వాళ్ళ అలవాటు. 1746లో జిన్‌జెన్‌డార్ఫ్ అనే ఒక ప్రభువు పుట్టినరోజుకు ఆయన వయసెంతో అన్ని కొవ్వొత్తులు పెట్టిన కేకు చేశారని రాసి ఉంది. పిల్లల కేకుకు వయసు కంటే ఒక కొవ్వొత్తి ఎక్కువ పెట్టేవారట, రాబోయే ఏడాది కోసం. పిల్లలు దక్కాలనే కోరిక అక్కడి తల్లులకూ ఒకటే. మనం పాడే బర్త్‌డే పాట బాణీ అమెరికాలో ప్యాటీ హిల్, మిల్‌డ్రెడ్ హిల్ అనే అక్కచెల్లెళ్ళది. ప్యాటీ చిన్నపిల్లల బడిలో టీచరు. పొద్దున్నే పిల్లలను పలకరించడానికి కట్టిన పాటగా అది 1893లో అచ్చయింది. తర్వాత దానికి బర్త్‌డే మాటలు వచ్చి చేరాయి. కోర్టు గొడవలన్నీ తీరి, ఆ పాట ఎవరైనా పాడుకోవచ్చని తేలింది 2016లో.

మన దేశంలో కేకు కథ చెప్పేటప్పుడు కేరళలోని తలశ్శేరి పేరే ముందు చెబుతారు. అక్కడ మాంబళ్ళి బాపు 1883లో ఒక దొర కోసం క్రిస్మస్ కేకు చేశాడు. మా సీమ ఊళ్ళకు మాత్రం కేకు బెంగుళూరు వైపు నుంచి వచ్చింది. 1898లో హాసన్ ప్రాంతం నుంచి వెళ్ళిన తిరుమలాచార్ బెంగుళూరులో బేకరీ పెట్టాడు. అదే అయ్యంగార్ బేకరీలకు మొదలు. గుడ్డు వేయకుండా చేయడంతో, గుడ్డు తగలని ఇళ్ళకు కూడా కేకు వెళ్ళగలిగింది. ఇప్పుడు సీమలో ఏ బస్టాండు పక్కన చూసినా బెంగుళూరు అయ్యంగార్ బేకరీ అనే బోర్డు ఒకటి ఉంటుంది.

కానీ కేకు కంటే ముందు మాకు తెలిసిన పుట్టినరోజు రుచి చాక్లెట్టు. చిత్తూరులో నూట్రిన్ కంపెనీ మొదలైంది 1952లో. అత్త వాళ్ళమ్మ గంజికి నిలబడిన కరువు ఏడే, అదే సీమలో ఇంకో మూల! నా చిన్నప్పుడు బడిలో ఎవరైనా కొత్తబట్టలు వేసుకుని, చాక్లెట్ల పొట్లం పట్టుకుని వస్తే ఆ రోజు వాళ్ళది. అయ్యవారికి రెండు, మనకు ఒకటి.

మా తమ్ముడు అట్లా పంచాడు. వాడు ఆస్పత్రిలో పుట్టాడు, వాడికి తేదీ ఉంది. నేను ఎప్పుడూ పంచలేదు. జూలై 1 వస్తే, "అది నిజం పుట్టినరోజు కాదులే" అనేవాళ్ళు. నిజంది ఎప్పుడో అమ్మకు తెలియదు. మా నాయన చెడ్డవాడేం కాదు. ఆడపిల్లకు కూడా చేయాలని ఆయనకు తట్టలేదు, అంతే. ఊళ్ళో ఏ ఆడపిల్లకూ చేయలేదు. నన్ను మధ్యలో కూర్చోబెట్టి, పట్టుచీర కట్టి, బంధువులందరినీ పిలిచి చేసిన మొదటి పండగ నేను పెద్దమనిషి అయినప్పుడు. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే ఊరంతా వచ్చి అక్షింతలు వేసింది. పుట్టినందుకు కాక పెళ్ళికి సిద్ధమైనందుకు చేసిన పండగ అని ఆ వయసులో నాకు మాటల్లో తెలియదు, మనసుకు మాత్రం తెలిసింది. ఇది చదువుతున్న వాళ్ళలో కొందరికైనా ఆ కుర్చీ గుర్తుండి ఉంటుంది.

అందుకే ఈ బర్త్‌డేలను ఉట్టి ఆడంబరం అని ఎవరైనా కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను. ఖర్చు ఆడంబరం కావచ్చు. ఆడపిల్ల పుట్టిన రోజును గుర్తుపెట్టుకుని, "నువ్వు పుట్టినందుకు మాకు సంతోషం" అని ఏడాదికోసారి చెప్పడం ఆడంబరం కాదు. అది మన ఇళ్ళకు ఆలస్యంగా వచ్చిన మంచి.

మా ఇంటి థీమ్

మా అబ్బాయి చిన్నప్పుడు ఈ థీమ్ అనే మాట మాకు తెలియదు. కానీ 2010లో వాడి మూడో పుట్టినరోజుకు మేము చేసింది అదే. ఛోటా భీమ్ వచ్చి అప్పటికి రెండేళ్ళు. హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ వాళ్ళు తీసిన ఆ బొమ్మల్లో భీముడు లడ్డూ తింటేనే బలం వచ్చేది. మావాడు అన్నం ముద్ద ముట్టడు, లడ్డూ మాత్రం కావాలి. సరే అని నువ్వులు, వేయించిన బుడ్డలు, బెల్లం దంచి ఉండలు చుట్టి "ఇది భీమ్ లడ్డూ" అన్నాను. వచ్చిన పిల్లలు కేకు వదిలేసి అవే తిన్నారు. కేకు కూడా ఇంట్లోదే. కుక్కర్ అడుగున ఇసుక పోసి, గ్యాస్కెట్టు, విజిల్ తీసేసి, సన్నసెగ మీద ముప్పావుగంట. పైన కాస్త మాడింది, చక్కెర పొడి చల్లి దాచేశాను.

ఈసారి పాపతో బేరం పెట్టాను. "యూనికార్న్ ఉంటుంది, కానీ దానితోపాటు జేజి బర్త్‌డే కూడా చేద్దాం. జేజి చిన్నప్పటి థీమ్." పాప ఒక్క క్షణం ఆలోచించి, "ఆటలుంటాయా?" అని అడిగింది. ఉట్టి ఉంటుంది అన్నాను. "కేకు?" ఉంటుంది అన్నాను. ఒప్పుకుంది.

వంటలు ఇలా వేసుకున్నాం. ప్రతి వంటకూ ఒక అట్టముక్క మీద పాప పేరు రాసింది. "బోర్లపడితే" అని ఓళిగలు (బొబ్బట్లను మా వైపు అట్లే అంటాం), అరచేయంత చిన్నవి. "కూర్చుంటే" అని ఆవిరి కుడుములు. "పారాడితే" అని కొర్రబియ్యం, బెల్లంతో పాయసం. కొర్రలను ముందు రెండు గంటలు నానబెట్టి, మెత్తగా ఉడికాకే బెల్లం వేయాలి. పొయ్యి మీద నుంచి దించి కాస్త చల్లారాక పాలు పోస్తే విరగవు. "నవ్వితే" అని నువ్వుండలు. "గడప దాటితే" అని గారెలు. "అడుగులేస్తే" అని అత్తిరాసాలు. అరిసెలకు మా సీమ పేరు. తడి బియ్యప్పిండి, ముదురు పాకం, పైన నువ్వులు. పిల్లల చేతికి పట్టేట్టు చిన్నగా వత్తాను. వీటిలో నువ్వుండలు, అత్తిరాసాలు రెండుమూడు రోజుల ముందే చేసి డబ్బాలో పెట్టుకోవచ్చు కాబట్టి ఆరోజు మనకు పొయ్యి దగ్గర పని తగ్గుతుంది. పన్నెండు మంది పిల్లలకు అన్నీ కలిపి అయిన ఖర్చు నంద్యాల వాళ్ళ బెలూన్ల తోరణానికి కూడా సరిపోదు. కాకపోతే మా తోడికోడలు రెండు రోజులు వచ్చి నాతో కూర్చుంది. ఆడవాళ్ళ కష్టానికి వెల కట్టం కాబట్టే ఇంటి పండగ చవక అనిపిస్తుంది, అది కూడా చెప్పాలి.

వాకిట్లోంచి హాలు దాకా పిండితో పాదాలు వేశాం. పిల్లలు వాటి మీద కాలు పెట్టకుండా పక్కనే నడుస్తూ రావడం ఒక ఆట. ఉట్టిలో చాక్లెట్లు, బొరుగుల ఉండలు. కేకు బేకరీది, మీద కొమ్మున్న గుర్రం. కొవ్వొత్తి దగ్గర మాత్రం అత్త అడ్డుపడింది. "మంచిరోజు దీపం ఆర్పుతారా?" పాప మొహం చిన్నబోయింది. చివరికి ఊదడానికి ఒక కొవ్వొత్తి, ఆర్పకుండా పక్కన ఒక నూనె దీపం పెట్టాం. ఇద్దరికీ సరిపోయింది.

తర్వాత అత్తను పీట మీద కూర్చోబెట్టాం. అడుగులు వేసే పిల్లలను అరిసెల మీద గుడ్డ కప్పి నడిపించే ఆచారం ఉంది కదా. పాపకు అది నేను చెప్పాను. అత్తిరాసాల పళ్ళెం తెచ్చి జేజి కాళ్ళ ముందు పెట్టింది. "జేజీ, నువ్వు అడుగులేసినప్పుడు ఎవరూ చేయలేదంట కదా. ఇప్పుడు తొక్కు."

పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. అత్త కాళ్ళు వెనక్కి లాక్కుంది. "వద్దు పాపా" అనింది. సరదాకే జేజీ, గుడ్డ కప్పుతాం అని పాప బతిమాలింది. అత్త గొంతు మారిపోయింది. "మా యమ్మ గంజి కోసం నిలబడి నన్ను కనె. తిండి మీద నేను కాలు పెడతానా?"

చప్పట్లు ఆగిపోయాయి. తప్పు చేశామేమో అనిపించింది నాకు. అత్తే వంగి పళ్ళెం ఒళ్ళోకి తీసుకుంది. ఒక అత్తిరాసం తుంచి పాప నోట్లో పెట్టింది. ఇంకో ముక్క నా వైపు చాపింది. "నీది గూడా మాఘంలోనే అంటివి కదా మే. తిను" అనింది. మిగిలింది తాను తినింది, మెల్లగా, కళ్ళు మూసుకుని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా పుట్టినరోజుకు అత్త చేత్తో తినడం అదే మొదలు. ఎప్పుడు పుట్టానో నాకే తెలియదు, ఇక ఆమెను ఏమనగలను?

ఇప్పుడు పాప క్యాలెండరులో మాఘమాసానికి మూడు చుక్కలు పెట్టుకుంది. ఒకటి తేదీ ఉన్న చుక్క, తనది. రెండు తేదీ లేని చుక్కలు, జేజివి, నావి. వచ్చే ఏడు థీమ్ డైనోసార్లంట, ఇప్పుడే చెప్పేసింది. చేద్దాంలే అన్నాను. అత్తిరాసాలు మాత్రం ఉంటాయి.

మీ ఇంట్లో కూడా జనవరి ఒకటో తారీఖు అవ్వలు, జూలై ఒకటో తారీఖు అమ్మలు ఉంటారు. పిల్లల బర్త్‌డేకి బెలూన్లు ఊదేటప్పుడు ఒక్కసారి పక్కన కూర్చుని అడగండి, "నువ్వు పుట్టినప్పుడు ఏ పంట ఇంటికొస్తోంది? ఆ ఏడు వాన పడిందా?" అని. తేదీ దొరక్కపోవచ్చు. మాకూ దొరకలేదు. కానీ వాళ్ళు చెప్పడం మొదలుపెడితే, పిల్లలు బెలూన్లు వదిలేసి వచ్చి వింటారు.